గుట్ట ఎవరిది?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

  

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు కరెంటు డిపార్టుమెంటుల చేసినవు గద, సోలార్ మీద ఒక పావుగంట మాట్లాడు" అన్నాడు. ఉత్సవాల ఖర్చు పోగా మిగిలే పైసలతో బడి కప్పు మీద సోలార్ పలకలు పెట్టిద్దామని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. దానికి నాతో నాలుగు మంచి మాటలు చెప్పించాలని ఆయన ఉద్దేశం. సోలార్ మంచిదని చెప్పడానికి పావుగంట ఎందుకు, ఒక్క ముక్క చాలు. మంచిదే. పెట్టించండి. మిగిలిన సమయంలో ఇంకో సంగతి మాట్లాడతాను. అది మా సోషల్ సార్ అడిగిన ప్రశ్న. నలభై ఏళ్లు దాటినా అది నన్ను వదల్లేదు.

మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు గాజులరామారం అంటే ఊరే. చుట్టూ గుట్టలు, గుట్టల్లో క్వారీలు. ఒక పక్క జీడిమెట్ల ఫ్యాక్టరీల సైరన్లు, ఇంకో పక్క రాయి పేల్చే చప్పుడు. మధ్యాహ్నం పేలుడు పెట్టే వేళకు కిటికీ రెక్కలు గడగడలాడేవి. ఒకరోజు పాఠం మధ్యలో అలాగే పేలింది. సార్ సుద్దముక్క బల్ల మీద పెట్టి, "గుట్ట ఎవరిదిరా?" అని అడిగారు.

ఒకడు లేచి సర్కారుది అన్నాడు. ఇంకొకడు కాంట్రాక్టరుది అన్నాడు. చివరి బెంచీలో కూర్చునే మా దోస్తు, వాళ్ల నాన్న అదే క్వారీలో రాయి కొట్టేవాడు, "కొట్టేటోళ్లది సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఒక అమ్మాయి మాత్రం నవ్వకుండా, "చిత్తారమ్మది" అంది. జాతరకు పోయేవాళ్లెవరైనా చెప్పే జవాబే అది. సార్ ఏది తప్పో, ఏది ఒప్పో చెప్పలేదు. "రేపు చెప్త" అన్నారు. ఆ రేపు రాలేదు. సిలబస్ మిగిలిపోతోందని సార్ మొగలుల దగ్గరికి వెళ్లిపోయారు.

కాగితం ప్రకారమైతే మొదటివాడి జవాబే ఒప్పు. సర్కారు లీజుకిస్తుంది, కాంట్రాక్టరు సీనరేజి కడతాడు, కంకర పట్నానికి పోతుంది. ఆ కంకరతో పట్నంలో రోడ్లు పడ్డాయి, కాలనీలు లేచాయి. మనకు మిగిలింది దుమ్ము, నీళ్లు నిండిన గుంతలు. ఆ గుంతల్లో ఈతకు దిగి పిల్లలు పోయిన ఇండ్లు ఏవో మీకు నేను చెప్పనక్కర్లేదు. రాయి కొట్టిన చేతులకు కూలి తప్ప గుట్టలో వాటా లేదు. గుట్ట ఉంచాలా తియ్యాలా అని వాళ్లనూ అడగలేదు, మననూ అడగలేదు. ఈ "అడగకపోవడం" అనే సంగతిని పట్టుకునే ఈ పావుగంటా నడుస్తాను.

నా కథ కొంత చెప్పాలి. చదువయ్యాక నాకు కరెంటు కొలువు దొరికింది. మా అమ్మ ఊరంతా చక్కెర పంచింది. ఇంట్లో బల్బు వెలిగితే అది ఎక్కడినుంచి వచ్చిందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. కొలువులో చేరాక తెలిసింది, మన గాజులరామారంలో వెలిగే దీపానికి వెనక రామగుండం ఉంది, పాల్వంచ ఉంది, వాటి వెనక సింగరేణి బొగ్గు ఉంది, ఆ బొగ్గు బావుల కింద ఊళ్లు ఉన్నాయి. పాత తరం వాళ్లకు గుర్తుండాలి, హుస్సేన్ సాగర్ ఒడ్డునే ఒక థర్మల్ స్టేషను ఉండేది. 1920లో మొదలైంది. అప్పట్లో పొగ, దీపం రెండూ పట్నంలోనే ఉండేవి. తర్వాత దీపం పట్నంలో ఉంది, పొగ గోదావరి ఒడ్డుకు పోయింది.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఇది ఎక్కడా చెప్పలేదు. మన బడి కాబట్టి చెబుతున్నాను.

ఉచిత కరెంటు రాకముందు మాట. అప్పట్లో వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్ లెక్కన ఏడాదికి ఇంత అని బిల్లు. వసూళ్లు పెంచాలని మా మీద ఒత్తిడి. నేను పనిచేసిన ఒక ఊళ్లో పదిహేను మోటార్లున్న ట్రాన్స్‌ఫార్మర్ కింద ఆరుగురో ఏడుగురో బాకీ పడ్డారు. ఒక్కొక్క మోటారు దగ్గరికి పోయి తీగ విప్పడం ఎవరివల్ల అవుతుంది? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఫ్యూజులు పీకితే అందరూ కలిసి బాకీవాళ్ల మెడ మీద కూర్చుంటారు, మన పని తేలికవుతుంది. అది మాలో చాలామందికి తెలిసిన ఉపాయం. నేనే దగ్గరుండి పీకించాను.

మూడోనాడు ఒక ముసలమ్మ ఆఫీసుకు వచ్చింది. కొంగుముడి విప్పి రసీదు తీసి నా బల్ల మీద పెట్టింది. "నాది కట్టిన బిడ్డా. నా కరెంటు ఎందుకు తీసినవ్? నారుమడి ఎండుతున్నది" అంది. కోపంగా అనలేదు, అడిగింది అంతే. నేను రూల్సు చెప్పాను. ఏం రూల్సు చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు, అట్లాంటి రూలు ఏదీ లేదు కాబట్టి గుర్తుండదు కూడా. ఫ్యూజులు మళ్లీ వేసేసరికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. నారు ఏమయిందో కనుక్కోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ రోజుల్లో రాత్రి కరెంటు ఇచ్చేవాళ్లం. మోటారు పెట్టడానికి చీకట్లో పొలానికి పోయి పాము కాటుకు, కరెంటు షాకుకు పోయిన రైతుల లెక్క మాకు కాగితాల్లోనే తెలుసు. ఏ వేళకు కరెంటు ఇవ్వాలో రాసే చార్టు మా దగ్గర ఉండేది. రాత్రి రెండింటికి లేచేది మాత్రం వాళ్లు. అధికారం అంటే నాకు ఇప్పటికీ మంత్రులూ కుర్చీలూ గుర్తుకు రావు, ఆ చార్టు గుర్తొస్తుంది.

1998లో సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. వెనక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది, దానికి షరతులున్నాయి. 2000లో చార్జీలు పెంచారు. ఆందోళన ఊళ్లకు పాకింది. ఆగస్టు 28న చలో అసెంబ్లీ అని వచ్చినవాళ్ల మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. బాలస్వామి, రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి చనిపోయారు. మన ఊరి నుంచి బషీర్‌బాగ్ ఎంత దూరం? బస్సుకు గంట. కరెంటు బిల్లు కోసం మనుషులు చనిపోతారని నేను చదివిన ఇంజనీరింగు పుస్తకాల్లో లేదు. ఆ తర్వాత చాలాకాలం చార్జీల మాట ఎత్తడానికి ప్రభుత్వాలు జంకాయి. 2004 మే 14న రాజశేఖర రెడ్డి గారు ప్రమాణస్వీకారం చేసి ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. తెలంగాణ వచ్చాక 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు. రాత్రి రెండింటి చార్టు చెత్తబుట్టలోకి పోయింది. దాన్ని మా ఆఫీసు చించెయ్యలేదు. ఆ రోజు బషీర్‌బాగ్ దాకా నడిచినవాళ్లు చించారని నేననుకుంటాను. నాతో పనిచేసిన మిత్రులు కొందరు దీనికి ఒప్పుకోరు. ఉచితం వల్ల సంస్థ మునిగిందంటారు. వాళ్ల లెక్కల్లోనూ నిజముంది. ఆ వాదన టీ దగ్గర పెట్టుకుందాం.

ఇక కొత్త కరెంటు ఎక్కడ పెట్టాలనే దగ్గరికి వద్దాం. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల అని ఒక చిత్తడి నేల ఉంది. చేపలు పట్టేవాళ్లు, చుట్టూ వరి పండించేవాళ్లు దానిమీదే బతుకుతారు. రికార్డులో అది పనికిరాని భూమి. ఆ ఒక్క మాట ఆధారంగా 2640 మెగావాట్ల బొగ్గు ప్లాంటుకు కేటాయించారు. జనం అడ్డం నిలబడ్డారు. 2010 జులై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. విచిత్రం చూడండి, సరిగ్గా అదే రోజున ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. నేల గురించి ఆ ఊరివాళ్లు చెప్పింది నిజమేనని తేలడం, వాళ్ల మీద తూటాలు పేలడం ఒకే తేదీన జరిగాయి. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లాలో కాకరాపల్లి దగ్గర ఇంకో థర్మల్ ప్లాంటు విషయంలో మళ్లీ కాల్పులు.

"పనికిరాని భూమి" అన్నప్పుడల్లా నాకు ఒక అనుమానం. ఎవరికి పనికిరానిది? మా అమ్మ మేకలు మేపిన గుట్ట కూడా రికార్డులో పోరంబోకే.

అన్నిచోట్లా ఇట్లాగే జరిగిందని కాదు. సమత అనే సంస్థ విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజన భూముల గనుల లీజుల మీద సుప్రీంకోర్టు దాకా పోయింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదని 1/70 చట్టం ఉంది గదా, ఆ నిషేధం సర్కారుకూ వర్తిస్తుందనీ, తన భూమినైనా ప్రైవేటు కంపెనీకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదనీ కోర్టు చెప్పింది. గుట్ట సర్కారుది అన్న మొదటి బెంచీవాడి జవాబుకు ఇన్నేళ్ల తర్వాత పడిన పెద్ద ఇంటూ మార్కు అది. సార్ ఉంటే సంతోషపడేవారు.

బొగ్గు సంగతి సరే, ఎండకు ఎవరి పొలం కావాలి అంటారు. కావాలి, ఎక్కువే కావాలి. బొగ్గు నేల కింద ఉంటుంది. ఎండ నేల మీద పడుతుంది, పట్టుకోవాలంటే నేల పరచాలి. ఒక మెగావాటుకు సుమారు ఐదెకరాలు. నేను రిటైరయ్యాక ఒక మిత్రుడితో కలిసి పావగడ పోయాను. కర్ణాటకలో తుమకూరు జిల్లా, కానీ మన అనంతపురాన్ని ఆనుకునే ఉంటుంది, ఊళ్లలో తెలుగే వినిపిస్తుంది. అక్కడ దాదాపు 13,000 ఎకరాల్లో 2050 మెగావాట్ల సోలార్ పార్కు. అక్కడ చేసిన ఒక పని నాకు నచ్చింది. రైతుల దగ్గర భూమి కొనలేదు, లీజుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. వానలు లేక వేరుశనగ ఎండిపోయే నేలలో పదెకరాలున్న రైతుకు ఏటా రెండు లక్షల పదివేలు ఇంటికి వస్తే అది చిన్న సంగతి కాదు. భూమి పేరూ ఆయనదే. దేశంలో చాలా ప్రాజెక్టుల కంటే ఇది మేలు.

కానీ ఆ పొలంలో కలుపు తీసిన ఆడవాళ్లకు ఎకరాల్లేవు. వాళ్లకు లీజు రాదు, కూలీ పోయింది. పలకల చుట్టూ కంచె పడ్డాక గొర్రెలు మేపేవాళ్ల దారి పోయింది. పట్టా ఉన్నవాడిని అడిగారు, పట్టా లేనివాళ్లను అడగలేదు. ఇటు మన వైపు ఎన్‌పీకుంట సోలార్ పార్కులోనూ ఇదే చిక్కు, ఏళ్లుగా దున్నుకుంటున్నా కాగితం లేనివాళ్లు పరిహారం కోసం కొట్లాడాల్సి వచ్చింది. క్వారీలో మా దోస్తు తండ్రి ఎక్కడ నిలబడ్డాడో, సోలార్ పార్కు కంచె బయట ఆ కూలీలు అక్కడే నిలబడ్డారు. కరెంటులో పొగ లేదు. మిగతాదంతా పాతదే.

వేరే తీరుగా చేయొచ్చా అంటే చేయొచ్చు. రామగుండంలో ఎన్టీపీసీ వాళ్లు 2022లో 100 మెగావాట్ల పలకలను రిజర్వాయరు నీళ్ల మీద తేల్చారు, ఎవరి చెలకా అడగలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మే నెలలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు. అటవీ హక్కుల పట్టాలున్న గిరిజన రైతుల భూముల్లో బోరు వేసి సోలార్ మోటారు పెట్టే పథకం, ఆరు లక్షల ఎకరాల లక్ష్యం. అమలు ఎట్లా ఉంటుందో చూడాలి, నేను సర్కారీ కొలువు చేసినవాణ్ని, ప్రారంభోత్సవాలకు తొందరగా చప్పట్లు కొట్టను. కానీ పొలం వాళ్లదే, మోటారు వాళ్లదే, ఎండా వాళ్లదే. ఆ వరస బాగుంది.

ఇప్పుడు మన గల్లీలోకి వస్తాను. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సూర్య ఘర్ పథకం తెచ్చింది. ఇంటి మీద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78,000 దాకా సబ్సిడీ. మన సభలో చాలామందిమి పెట్టుకున్నాం, నేనూ పెట్టుకున్నాను. మా బిల్లు ఇప్పుడు పేరుకే. అయితే సబ్సిడీ కప్పు ఉన్నవాడికి వస్తుంది. జీడిమెట్లలో షిఫ్టు దిగి మన గల్లీల్లో రేకుల రూముల్లో పడుకునేవాళ్లది కిరాయి బతుకు. మే నెలలో ఆ రేకుల కింద ఒక గంట కూర్చుంటే తెలుస్తుంది, ఈ ఊళ్లో అందరికంటే ఎక్కువ ఎండ భరించేది వాళ్లేనని. ఆ ఎండలోంచి వాళ్లకు ఒక్క యూనిట్ కూడా రాదు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే పేద కుటుంబాలకు, కిరాయిదార్లతో సహా, సున్నా బిల్లు వస్తోంది, మంచిదే. కానీ ఒకే మీటరు మీద నాలుగు రూములుంటే 200 ఎక్కడ ఆగుతుంది? దాటాక ఓనరు సబ్‌మీటరు పెట్టి తనకు తోచిన రేటు వసూలు చేస్తాడు. ఓనర్లు మనలోనే ఉన్నారు, అందుకే గొంతు కొంచెం తగ్గించి చెబుతున్నాను.

దీనికి దారి లేకపోలేదు. ఎక్కడో ఒకచోట పెట్టిన సోలార్ ప్లాంటులో వాటా తీసుకుని, దాని యూనిట్లను తన బిల్లులో తగ్గించుకునే పద్ధతి ఉంది, వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ఢిల్లీలో 2019లోనే దీనికి నిబంధనలు పెట్టారు. ఇక్కడ కూడా కిరాయిదార్లకు అందేలా కావాలని అడగవచ్చు. ఎక్కడ అడగాలి? విద్యుత్ నియంత్రణ మండలి ఏటా చార్జీల మీద బహిరంగ విచారణ పెడుతుంది. ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, పోయి మాట్లాడవచ్చు. ఎం. తిమ్మారెడ్డి, ఎం. వేణుగోపాలరావు వంటివారు ఏళ్ల తరబడి ఆ విచారణల్లో అంకెలు పట్టుకుని నిలదీస్తున్నారు. నేను కొలువులో ఉన్నప్పుడు ఇట్లాంటివాళ్లు వచ్చారంటే మాకు విసుగు. మేం రాత్రంతా కూర్చుని జవాబులు తయారుచేయాల్సి వచ్చేది. ఇప్పుడు నేనే ఒక అభ్యంతరం రాసి పెట్టుకున్నాను. ముసలమ్మకు చెప్పని జవాబు అట్లయినా కొంత తీరుతుందేమోనని. సంతకాలకు ఫారం బయట పుస్తకాల స్టాలు దగ్గర ఉంది.

చివరగా బడి కప్పు. పది కిలోవాట్లు పెడితే రోజుకు నలభై యూనిట్ల దాకా వస్తాయి. సెలవుల్లో వాడకం ఉండదు, మిగిలింది గ్రిడ్‌కు పోయి బడి ఖాతాలో జమ అవుతుంది. దానివల్ల మిగిలే పైసలు ఎవరు ఖర్చు పెడతారు? దుమ్ము పట్టిన పలకలు వారానికోసారి ఎవరు కడుగుతారు? మన బడి ఊడ్చే అమ్మతోనే కడిగిస్తే ఆమెకు ఏమిస్తారు? నెలనెలా మీటరు రీడింగు పదో తరగతి పిల్లలే తీసి నోటీసు బోర్డు మీద రాయాలని నా సూచన. రెండోది, మధ్యాహ్న భోజనం వండే అక్కలు పొయ్యి దగ్గర చెమటలో తడిసిపోతున్నారు, నిన్న వెళ్లి చూశాను, ఆ షెడ్డులో ఫ్యాను లేదు. మొదటి తీగ అక్కడికి లాగాలి. కంప్యూటర్ గది తర్వాత.

వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇదే బడిలో సోలార్ కమిటీ సమావేశం పెట్టారు. కార్యదర్శి గారు అందరికీ వాట్సాప్‌లో పంపారు. వంట అక్కల దగ్గర వాట్సాప్ లేదు, కాబట్టి ఎవరైనా పోయి నోటితో చెప్పి పిలవండి. నేను ఆదివారం మా మనవరాలిని తీసుకుని వస్తాను, గుట్ట ఉన్న చోటు చూపిస్తానని మాటిచ్చాను. నా వంతు పదివేల రూపాయల చెక్కు పోయిన వారమే కోశాధికారికి ఇచ్చాను. రసీదు ఇంకా రాలేదు.